పోపుల పెట్టెలో స్క్రూలు

మారుతి వ్యాను డ్యాష్‌బోర్డును వేపచెట్టు కింద మొత్తం ఊడదీసి, మళ్ళీ ఉన్నది ఉన్నట్టు బిగించుకున్న ఇల్లు మనది నాయనా. నీ కారులో ఎక్కడో కీచుమంటే చాలు షోరూముకు ఫోను చేస్తావు చూడు, నిన్ను చూసే ఈ ముచ్చట గుర్తొచ్చింది. మీ తాతను అడిగావనుకో, "విప్పాం, బిగించాం" అని రెండు మాటల్లో తేల్చేస్తాడు. అట్టా చెబితే అందులో రుచేముంది? నేను చెబుతా. ఆ వేరుశనక్కాయల చాట ఇట్టా జరుపు, ఒలుచుకుంటా మాట్లాడుకుందాం.

ముందు వ్యాను సంగతి తెలియాలి. 1983 డిసెంబరులో మారుతి కారు వచ్చింది. మరుసటేడు వ్యాను వచ్చింది. 1984 నవంబరులో దుగరాజపట్నం దగ్గర పెద్ద తుపాను తీరం దాటింది చూడు, ఆ ఏడే. మా వయసువాళ్ళు సంవత్సరాలను అంకెలతో కంటే గాలివానలతోనే గుర్తుపెట్టుకుంటారు. కారు ధర యాభై వేల లోపే. నవ్వకు, ఆ యాభై వేలు కూడబెట్టడానికి ఒక ఉద్యోగస్తుడికి సగం సర్వీసు అయిపొయ్యేది. పదివేలు ముందే కట్టి, పేరు రాయించుకొని, ఏళ్ళ తరబడి ఎదురుచూసేవాళ్ళు. తీరా వంతు వచ్చాక, పైన కొంత పుచ్చుకొని ఆ బండిని ఇంకొకరికి అమ్ముకున్నవాళ్ళూ ఉన్నారు. అంతకుముందు మనం చూసిన కార్లంటే అంబాసిడర్లు, ఫియట్లు, మద్రాసులో తయారయ్యే స్టాండర్డ్ హెరాల్డులు. పెళ్ళికి కారు కావాలంటే ముందుగానే పోయి మర్యాదగా చెప్పి రావాలి. డ్రైవరుకు మగపెళ్ళివాళ్ళ బంతిలోనే ఆకు వేసేవాళ్ళు. స్టేషను నుంచి ఇంటికి రావాలంటే జట్కా.

జట్కా అంటే ఇంకోటి గుర్తొస్తా ఉంది. ఈ డ్యాష్‌బోర్డు మోటారు కారుతో పుట్టింది కాదు. దొరల గుర్రపు బండ్లకు ముందర అడ్డంగా ఒక పలక నిలబెట్టేవాళ్ళు, గుర్రం డెక్కలు చిమ్మే బురద లోపల కూర్చున్నవాళ్ళ బట్టల మీద పడకుండా. గుర్రం పొయ్యి ఇంజను వచ్చినా పలక మాత్రం ఉండిపోయింది. దానికే మీటర్లు తగిలించారు, స్విచ్చులు తగిలించారు. ఇప్పుడు నీ కారులో టీవీ కూడా పెట్టారు. సరే, బండి దారి తప్పింది, వెనక్కి తిప్పుతా.

మనది కొత్త వ్యాను కాదు, రొయ్యలు తెచ్చిన వ్యాను. 1990 దాటాక కోట, వాకాడు వైపు రొయ్యల గుంటలు లేచినాయి. మొలగొలుకులు పండిన మళ్ళల్లో ఉప్పునీళ్ళు నిలబెట్టారు. టైగర్ రొయ్యకు విదేశాల్లో ధర. నిన్నటిదాకా సైకిలు తొక్కిన మనిషి తెల్లారేసరికి వ్యాను దిగేవాడు, చేతికి గడియారం, మెళ్ళో గొలుసు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటారే, కొన్ని ఇళ్ళలో అట్టాగే ఉండింది. 1994, 95లో తెల్లమచ్చ రోగం వచ్చింది. రాత్రి బాగున్న గుంట పొద్దుటికి తెల్లబడి తేలేది. ఆ తర్వాత 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు, తీరం దగ్గర గుంటలు తీసెయ్యమని. ఎక్కిన మెట్లన్నీ ఒక్కసారిగా దిగాల్సి వచ్చింది పాపం ఆ మనుషులకు.

కోట దగ్గర అట్టాంటి రైతు ఒకాయన వ్యాను అమ్ముతుంటే మీ తాత కొన్నాడు. బేరమాడలేదు. నష్టపోయినవాడి దగ్గర గీసి గీసి బేరమాడటం తప్పనేది మా మామగారి మాట, మీ తాత అది దాటడు. ఆ రైతు కూడా ఎంత మర్యాదస్తుడో. బండి కడిగించి, పసుపు కుంకాలు పెట్టించి, టెంకాయ కొట్టి, తాళంచెవి తమలపాకులో పెట్టి నా చేతికిచ్చాడు. "దీంతో మాకు కలిసిరాలేదు గానీ బండి మంచిది తల్లీ" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

నీకు మారుతి వ్యానంటే సినిమాల్లో హీరోయిన్‌ను ఎత్తుకుపొయ్యే బండే. మాకు అది పెళ్ళిబండి, పురిటిబండి, నిమ్మకాయల బండి. గూడూరు నిమ్మ మార్కెట్టు నుంచి ఢిల్లీ దాకా కాయ పోతుంది కదా, తోటనుంచి ఆ మార్కెట్టు దాకా చేర్చడానికి వ్యానే. జారుడు తలుపు తీస్తే బస్తా తిన్నగా లోపలికి పోతుంది. ఇంజను ముందు సీట్ల కిందే ఉంటుంది, 796 సీసీ, మూడు సిలిండర్లు. మే నెలలో నెల్లూరు పోయివచ్చామంటే పైన ఎండ, కింద ఇంజను. అయినా మా వ్యాను అని ఎంత మురిసిపొయ్యేవాళ్ళమో.

ఇంక అసలు కథ. వడ్ల బస్తాల గది పక్కనే రేకుల షెడ్డు, అందులో వ్యాను. ఎలకలకు ఒక ఇంట్లో తిండి, ఇంకో ఇంట్లో పడక. కొన్నాళ్ళకు బండి వింతలు మొదలుపెట్టింది. హెడ్‌లైట్లు వేస్తే పెట్రోలు ముల్లు పైకి లేచేది. బ్రేకు తొక్కితే పక్కలైటు మినుకుమనేది. వానలో వైపరు సగం దూరం పొయ్యి ఆగేది. మీ తాత వాటన్నిటినీ వాన తేమ మీదికి నెట్టాడు. ఒక సాయంత్రం మార్కెట్టు నుంచి వస్తా ఉంటే లోపల మాడు వాసన. అప్పటికి గానీ మేస్త్రిని పిలవలేదు. చాదస్తపు మొగుడు చెబితే వినడు, గిల్లితే ఏడుస్తాడని ఊరికే అన్నారా?

మేస్త్రి వచ్చి, కింద పడుకొని, టార్చి వేసి చూశాడు. "ఎలకలు వైర్లు కొరికినాయమ్మా. డ్యాష్‌బోర్డు దించాల్సిందే" అన్నాడు. ఆయన షెడ్డు మద్రాసు రోడ్డు మీద. సంక్రాంతి ముందర వాకిలి నిండా లారీలు. పండగ దాటాక గానీ చెయ్యి పెట్టలేనన్నాడు. ఇంట్లో ఏమో తోట కాపు మీదుంది. "మేమే దించుకుంటే?" అన్నాడు మీ తాత. ఇంకొకరైతే ఎగతాళి చేసేవాళ్ళు. ఆ మేస్త్రి విద్య దాచుకోని మనిషి. నేనిచ్చిన కాఫీ తాగతా, ఎట్టా దించాలో మొదలునుంచి కొసదాకా చెప్పాడు. చివర ఒక మాట అన్నాడు. "రాకపోతే లాగొద్దయ్యా. రావడంలేదంటే ఇంకో స్క్రూ యాడనో ఉంది." నేను లెక్కల టీచరును కదా, ఒక నోటు పుస్తకం తెరిచి, ఆ మాటను మొదటి పేజీలో రాసుకున్నా.

ఆ పనిలో చెయ్యి కలిపినవాడు మీ అమ్మ వాళ్ళ మేనమామ, మా తమ్ముడు. గూడూరు జంక్షనులో వ్యాగన్ల దగ్గర ఫిట్టరు. ఇనుముతో బతికినవాడికి ప్లాస్టిక్కు ఓ లెక్కా? ఎలక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టే రకం. "నువ్వు పట్టుకో బావా, ఒక్క ఊపు ఊపుతా" అని వచ్చీరాగానే మొదలుపెట్టాడు. "గమ్మునుండు, నేను రాసేదాకా నువ్వు పానా ముట్టుకోవద్దు" అన్నా. పెద్దక్క మాట కదా, తలూపాడు గానీ చేతులు మాత్రం దురదపెడతానే ఉన్నాయి.

మొదట బ్యాటరీ. మైనస్ తీగ ముందు తియ్యాలి. ఎందుకో చెప్పు చూద్దాం? తెలీదు కదా. బండి రేకంతా మైనస్సే. ప్లస్ నట్టు విప్పతా ఉన్నప్పుడు పానా రేకుకు తగిలిందంటే నిప్పులే. మైనస్ ఊడదీస్తే ఇంక ఆ భయం లేదు. తిరిగి తగిలించేటప్పుడు మైనస్ ఆఖరున. ఇది నువ్వు రాసిపెట్టుకో, ఇన్వర్టరు బ్యాటరీకైనా పనికొస్తుంది.

తర్వాత స్టీరింగు. ముందు చక్రాలు తిన్నగా పెట్టి, నడిమి నట్టు పక్కన కడ్డీ మీద, చక్రం మీద కలిసేటట్టు ఒక గీత గియ్యాలి. ఆ గీత లేకపోతే మళ్ళీ బిగించాక బండి తిన్నగా పోతుంది, స్టీరింగు మాత్రం పక్కకు చూస్తుంది. నట్టు పూర్తిగా తియ్యకుండా రెండు మరలు వదలాలి. లేకపోతే బలంగా లాగినప్పుడు చక్రం ఊడొచ్చి మొహానికి తగులుతుంది. మా తమ్ముడు నట్టు మొత్తం తీసెయ్యబోతే మీ తాత చెయ్యి పట్టుకొని ఆపాడు. ఇంతవరకూ విని రేపు నీ కారు మీదికి పోవద్దు సుమా. నీ స్టీరింగులో గాలిబుడగ ఉంది, అదే ఎయిర్‌బ్యాగు. 2019 జూలై నుంచి డ్రైవరు వైపు అది తప్పనిసరి చేశారు. అది పేలిందంటే పళ్ళు రాలతాయి. దాని పద్ధతి వేరు, దానికి నేర్చినవాళ్ళు వేరు. మన వ్యానులో అట్టాంటివేమీ లేవు, అందుకే అంత ధైర్యం.

ఊడిన స్క్రూలు పెట్టడానికి ఒక డబ్బా తెమ్మన్నారు. ఒక్క డబ్బాలో పోస్తే ఇంకేమన్నా ఉందా? పొడుగువి, పొట్టివి, వాషరున్నవి, లేనివి, అన్నీ కలిసిపోతాయి. పొడుగు స్క్రూ పొట్టిదాని చోట పడితే వెనక తీగకు గుచ్చుకుంటుంది. నేను లోపలికి పొయ్యి పోపుల పెట్టె తెచ్చా. ఆవాలు, జీలకర్ర, మెంతులు, మినప్పప్పు అన్నీ సీసాల్లోకి వంపేశా. స్టీరింగు కిందివి ఆవాల గిన్నెలో, మీటరువి మెంతుల గిన్నెలో, ఎడమ చివరవి జీలకర్ర గిన్నెలో. పుస్తకంలో కూడా అట్టాగే రాశా. "మెంతులు – నాలుగు" అని. మా అమ్మ అప్పుడు మన దగ్గరే ఉండింది. ఆ రోజు పోపు లేని పప్పు వడ్డించి, "పెట్టెను చింతపండుతో తోమందే వంటింట్లోకి రానివ్వను" అన్నది. అన్నట్టే చేసింది.

తీగలకు గుర్తులు కావాలి కదా. పాత చీర అంచులు చించి పేలికలు చేశా. ఊడదీసే ప్రతి కప్లరుకు రెండు పక్కలా ఒక పేలిక, రెండింటి మీదా ఒకటే అంకె. బొమ్మలు వేసింది మీ అమ్మ. అప్పుడు ఏడో తరగతి. ఏ తీగ ఏ మీటరు వెనక్కి పోతుందో రంగు పెన్సిళ్ళతో వేసింది. ఇంకో సంగతి చెప్పనా? స్పీడోమీటరు కేబులు మీటరు వెనకే బిగించి ఉంటుంది. దాన్ని విప్పితే గానీ మీటరు బయటికి రాదు. మగాళ్ళిద్దరి చేతులూ ఆ సందులో దూరలేదు. మీ అమ్మ చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకొని, వేళ్ళతో తడిమి విప్పేసింది. ఇంజనీరింగు చదవాలనే పట్టుదల దానికి ఆ సందులోనే పుట్టిందని నా నమ్మకం. కాదంటే మీ అమ్మనే అడుగు.

అప్పటికి వేపచెట్టు కింద సగం వీధి చేరింది. ప్రతివాడూ ఒక సలహా. ఒకాయన రంపంతో కోసి తర్వాత అతికించుకోమన్నాడు. ఇంకొకాయన ఇదంతా వాస్తు దోషమని, షెడ్డు వాకిలి మార్చమన్నాడు. ఎవరికీ కాదని చెప్పలేదు, అందరికీ కాఫీ ఇచ్చా. పాల ధర ఎంతైనా వాకిట్లోకి వచ్చినవాళ్ళను ఉత్త నోటితో పంపే అలవాటు అప్పట్లో లేదు.

చోకు తీగ వచ్చింది, స్విచ్చులు వచ్చినాయి, రెండు చివర్ల బోల్టులు వచ్చినాయి. డ్యాష్‌బోర్డు మాత్రం ఒక మూల పట్టుకొని వదలదు. మా తమ్ముడు చొక్కా చేతులు మడిచాడు. ఎండకు ఎండిన ప్లాస్టిక్కు, బలంగా లాగితే చెవులు పుటుక్కున విరుగుతాయి. విరిగిన చెవికి మందు లేదు. మళ్ళీ మద్రాసు రైలెక్కి, పుదుపేటలో పాత సామాన్ల అంగళ్ళు తిరగాల్సిందే. పుస్తకం మొదటి పేజీ తిప్పి వాడి కళ్ళ ముందు పెట్టా. మీ తాత వేళ్ళతో మెల్లగా తడిమి తడిమి, సిగరెట్టు బూడిద డబ్బా బయటికి లాగాడు. దాని వెనక చీకట్లో దాక్కొని ఉంది స్క్రూ. అది తియ్యగానే డ్యాష్‌బోర్డు తనంతట తానే కదిలింది. ఇద్దరూ చెరోపక్క పట్టుకొని దించి, నులక మంచం మీద పడుకోబెట్టారు.

కొండను తవ్వి ఎలకను పట్టడమంటే మాకు నిజంగానే జరిగింది. గూడు నిండా కొబ్బరిపీచు, సీటు దూది, వడ్లపొట్టు, ఎప్పటివో శుభలేఖల ముక్కలు. అడుగున ఆ కోట రైతు రొయ్యల మేత కొన్న చీటీలు. అంకెలు చూసి మీ తాత కాసేపు మాట్లాడలేదు. అంత అప్పు నెత్తిన పెట్టుకొని మనకు తమలపాకులో తాళంచెవి ఇచ్చాడా ఆ మనిషి అని. చీటీలు ఉతికిన గుడ్డలో మూటగట్టి, తర్వాత కోటకు పోయినప్పుడు ఆయన చేతికే ఇచ్చొచ్చాడు.

తీగలు చాలా చోట్ల రాగి బయటపడి ఉన్నాయి. వాటికంటే పెద్ద దొంగ ఇంకొకడు దొరికాడు. నల్ల తీగలన్నీ ఒకచోట చేరి రేకుకు బోల్టుతో బిగించి ఉంటాయి, అదే ఎర్త్. ఉప్పుగాలికి ఆ చోటంతా పచ్చగా చిలుమెక్కి ఉంది. కరెంటుకు ఇంటికి పొయ్యే దారి మూసుకుపోతే పక్కింటి వాకిట్లోంచి పోతుంది. హెడ్‌లైట్ల కరెంటు పెట్రోలు ముల్లు దారి పట్టిందంటే అందుకే. పులికాట్ సరస్సు నుంచి కృష్ణపట్నం దాకా ఈ తీరంలో ఏ బండి పిచ్చిగా ప్రవర్తించినా ముందు ఎర్త్ చూడాలని మేస్త్రి తర్వాత చెప్పాడు. గరుకు కాయితంతో రుద్ది, రేకు తెల్లగా మెరిసేదాకా వదల్లేదు మీ తాత.

కొరికిన తీగలు అతకడానికి రేడియో రిపేరు అంగడి నుంచి సోల్డరింగు ఐరను అడిగి తెచ్చాడు తమ్ముడు. మా అమ్మ దాన్ని చేతిలో తిప్పి చూసి, "దీని లోపల ఉండేది మన రాయే కదరా" అన్నది. నిజమే. వేడెక్కే తీగను అభ్రకం మీద చుట్టేవాళ్ళు. అభ్రకం మంటకు మండదు, కరెంటును పోనివ్వదు. మా అమ్మ చిన్నప్పుడు గూడూరులో అభ్రకం షెడ్డుకు పోయి, కత్తితో రేకులు చీల్చి, మందం చూసి వేరుచేసేది. సైదాపురం, కాలిచేడు, తలుపూరు గనుల్లోంచి వచ్చే పచ్చ ఛాయ అభ్రకం. బీహారుది ఎరుపు ఛాయ. ఇక్కడినుంచి దేశదేశాలకు ఓడలెక్కింది. ఇస్తిరిపెట్టెల్లో అదే, పాత డైనమోల్లో రాగి పలకల మధ్య అదే. ఆ వయసులో కూడా రేకు మందం వేళ్ళతోనే చెప్పేది మా అమ్మ. ఆ సంగతి ఇంకోరోజు చెబుతా, దానికి ఒక రాత్రి చాలదు.

బిగించేటప్పుడు పుస్తకాన్ని చివరి పేజీ నుంచి వెనక్కి చదివా. నేను అంకె చెప్పడం, మీ అమ్మ బొమ్మ చూపించడం, వాళ్ళు తగిలించడం. బోల్టులన్నీ ముందు చేత్తో తిప్పి వదిలారు. ఒక పక్క గట్టిగా బిగిస్తే రెండో పక్క బెజ్జాలు కలవవు. రేకుకూ ప్లాస్టిక్కుకూ మధ్య పాత కంబళి ముక్కలు పెట్టాం, గడగడలాడకుండా. తీగ ఏదీ మధ్యలో నలగకుండా మీ అమ్మ కింద దూరి చూసింది. పూర్తిగా బిగించకముందే బ్యాటరీ తగిలించి ఒక్కొక్కటీ పరీక్ష చేశాం. లైట్లు వేస్తే లైట్లే వెలిగినాయి. ముల్లు అడుగునే ఉంది. ట్యాంకులో పెట్రోలు నిజంగానే లేదు. మీ తాత హారను కొడితే వీధంతా వినపడింది. పోపుల పెట్టె గిన్నెలన్నీ ఖాళీ. మెంతుల గిన్నె కూడా.

తర్వాత వ్యానును వడ్ల గది దగ్గర పెట్టనివ్వలేదు నేను. పండగ వెళ్ళాక మేస్త్రి వచ్చి, అంతా తిప్పి చూసి, ఏమీ అనకుండా నా పుస్తకం అడిగాడు. రాత్రంతా ఉంచుకొని, తన దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్ళతో బొమ్మలు ఎత్తి రాయించి, మర్నాడు తెచ్చిచ్చాడు. దాంతో ఊళ్ళో వ్యానున్న ప్రతి ఇంటికీ ఆ పుస్తకం పోయింది. ఒకరు అంచులో ఒక చిట్కా రాసేవాళ్ళు, ఇంకొకరు దానికి ఆక్షేపణ రాసేవాళ్ళు. ఎవరో ఒకాయన "మెంతులు అంటే ఏ సైజు?" అని కూడా రాశాడు. చివరికి నాయుడుపేట డ్రైవరు ఒకతను పట్టుకుపోయాడు. మీ తాత ఆ వైపు పోయినప్పుడల్లా అడిగేవాడు. అతను మంచి కాఫీ తాగించి, పిల్లల చదువుల గురించి, నిమ్మకాయల ధర గురించి కబుర్లు చెప్పి, బస్సెక్కించి పంపేవాడు.